ముందు అడగాల్సిన ప్రశ్న

కంప్యూటర్ ఉద్యోగంలోకి వస్తున్న పిల్లలు ఇప్పటికీ నన్ను అడిగేది ఒకటే: "ఏ లాంగ్వేజ్ నేర్చుకుంటే మంచిది మేడం?" నేనేం చెప్పను? నేను నేర్చుకున్నవన్నీ నా కళ్లముందే పోయాయి. కోబాల్ పోయింది, ఫాక్స్‌ప్రో పోయింది. వాటిని నేర్పిన ఇన్‌స్టిట్యూట్లు కూడా పోయి, ఆ మేడల మీద ఇప్పుడు బిర్యానీ హోటళ్లు నడుస్తున్నాయి. మిగిలింది ఒక్క 'ఇఫ్'. ఇలా అయితే అది చెయ్యి, కాకపోతే ఇది చెయ్యి. నా సర్వీసంతా ఆ ఒక్క ముక్క చుట్టూ తిరిగింది. ఇప్పుడు నమ్మరు గానీ, మీ సర్వీసూ అంతే.

ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవాళ్లకు తప్ప వాటి మీద ఎవరికీ ఆసక్తి ఉండదు. రానివాళ్లకు మాత్రం కోపం ఉంటుంది. నాకూ ఉంది, అది నా దగ్గరే ఉండనివ్వండి. ఇక్కడ రాసేది ఒక క్లాసు గురించి, ఒక డైరెక్టరు గారి గురించి, కబడ్డీ ఆడే ఒక అమ్మాయి గురించి.

చెప్పులు బయట

అవి తొంభైలు. తార్నాకలో ఇల్లు, పక్కనే యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉద్యోగం. కంప్యూటర్ సెంటర్‌లో నేను ప్రోగ్రామర్ని. డిప్లొమా కోర్సుకు పాఠాలు చెప్పే పని కూడా నాకే అంటగట్టారు, ఆడవాళ్లకు ఓపిక ఎక్కువని ఎవరో కమిటీలో అన్నారట. నా ఓపిక గురించి మా ఇంట్లో ఎవరినీ వాకబు చేసినట్టు లేదు.

మా సెంటర్‌లోకి చెప్పులు విడిచి రావాలి. దుమ్ము పడకూడదని ఆ నియమం పెట్టారు గానీ, చెప్పులు విడిచాక మనవాళ్లు ఊరికే ఉంటారా? చేతులు కట్టుకుని, గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. దసరాకు మానిటర్‌కు పసుపు, కుంకుమ, కీబోర్డు పక్కన కొబ్బరికాయ. ఏసీ కూడా దానికోసమే తప్ప మాకోసం కాదు. కరెంటు పోతే అందరూ "మిషన్ ఎట్లుంది?" అని పరిగెత్తుకొచ్చేవాళ్లు. చెమటలు కారుతున్న మమ్మల్ని అడిగిన పుణ్యాత్ముడు లేడు.

ఒకసారి ఒక డీన్ గారు చూడటానికి వచ్చి, "దీనికి అన్నీ తెలుసా అమ్మా?" అని మెల్లగా అడిగారు. "మనం చెప్పినవి తెలుసు సార్" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. మనం చెప్పినవే తెలిస్తే దాని ముందు చెప్పులు విడవడం దేనికని ఆయన బాధ కావచ్చు.

ఫుట్‌బోర్డు

డిప్లొమా క్లాసులో సగంమందికి పైగా తెలంగాణ ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు. వాళ్లకు 'ఇఫ్' నేర్పడానికి నాకు పుస్తకం అవసరం పడలేదు, తార్నాక చౌరస్తా సరిపోయింది.

"సిటీ బస్సు వచ్చింది. సీటుంటే ఎక్కి కూర్చో. లేకపోతే?" అని అడిగాను మొదటిరోజు.

మాణికేశ్వర్ నగర్ నుంచి వచ్చే శ్రీనివాస్ అనే కుర్రాడు లేచాడు. "లేకపోతే ఫుట్‌బోర్డు మేడం."

"అక్కడా జాగా లేకపోతే?"

"వెనకాల నిచ్చెన ఉంటది కద మేడం."

"నిచ్చెన మీద కూడా లేకపోతే?"

"గప్పుడు క్లాసుకు రాను మేడం. మీరు ఆబ్సెంట్ ఏస్తరు."

చూశారా, ఇఫ్ లోపల ఇఫ్, దాని లోపల ఇంకో ఇఫ్, చివర్లో అన్నీ కాకపోతే ఏమవుతుందో కూడా తేల్చేశాడు. దీన్ని ఇంగ్లిష్ పుస్తకంలో చదివితే ఆ పిల్లలకే రెండు వారాలు పట్టేది. ఇందులో నేను వాళ్లకు పదే పదే చెప్పింది, మీకూ చెబుతున్నది ఆ చివరి 'లేకపోతే' గురించే. అక్కడికి ఎవరు వచ్చి పడతారో ముఖాలతో సహా ఊహించుకుని రాయండి. మీరు తలచుకోని వాళ్లంతా వచ్చి చేరేది అక్కడికే.

ఇంకో తమాషా. మార్కుల ప్రోగ్రాం రాయమంటే ఒకడు ఇలా రాశాడు: ముప్పై అయిదు దాటితే పాస్, లేకపోతే, అరవై దాటితే ఫస్ట్ క్లాస్. నడిపితే క్లాసంతా పాస్, ఒక్కరికీ ఫస్ట్ క్లాస్ రాలేదు. తొంభై వచ్చిన లత అనే అమ్మాయి ఏడుపు ముఖం పెట్టింది. శ్రీనివాస్‌కు మాత్రం పండగ. "గిదే మంచిగున్నది మేడం, అందరు బరాబర్" అన్నాడు. రాసిన రెండు కండిషన్లూ సరైనవే, అడిగిన వరుసే తప్పు. మొదటి ప్రశ్నకు అవునన్నాక మిషన్ రెండోది అడగదు. తొంభై వచ్చినా సరే, ముప్పై అయిదు దాటావు కదా, పాస్, ఫో అంటుంది.

మిషన్లు తక్కువ, పిల్లలు ఎక్కువ కాబట్టి నేనో పద్ధతి పెట్టాను. వరండాలో మనుషులతోనే ప్రోగ్రాం నడిపేవాళ్లం. ఒక్కో కండిషన్‌కు ఒక్కో విద్యార్థి నిలబడి తన ప్రశ్న మాత్రమే అడగాలి. ఇంకో విద్యార్థి డేటా, అంటే ఒక్కొక్కరి ముందుకూ నడిచి వెళ్లి జవాబు చెప్పాలి. కూర్చోమంటే కూర్చోవాలి, సాగమంటే సాగాలి. పక్క డిపార్టుమెంటు వాళ్లు మమ్మల్ని చూసి నవ్వుకునేవాళ్లు. నవ్వుకోనీ.

కంప్యూటర్ ఒప్పుకోలేదు

మా డైరెక్టరు డాక్టర్ ఓబులేసు గారిది కడప జిల్లా. బట్టలకు ఇస్త్రీ ఉండేది కాదు గానీ మాటకు ఉండేది. కోపం, మొండితనం, నిజాయితీ మూడూ మెండు. మూడోదాన్ని జనం భరించేది మొదటి రెండింటికీ భయపడి.

హాజరు డెబ్బై అయిదు శాతం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు, ఏడాది పోతుంది. దీన్నే డిటెయిన్ కావడమంటారు. అంతకుముందు ఆ జాబితా గుమాస్తాలు చేత్తో తయారుచేసేవాళ్లు. అది నోటీసుబోర్డు దాకా వచ్చేలోగా దారిపొడవునా ఒక్కో పేరు రాలిపోయేది. ఫలానావారి అబ్బాయి, ఫలానావారి డ్రైవరు కూతురు. చివరికి బోర్డు మీద మిగిలేది ఎవరూ లేనివాళ్లు. ఇది ఓబులేసు గారికి ఒంటిమీద తేళ్లు పాకినట్టుండేది.

ఆ ఏడాది ఆయన తలుపు వేసుకుని స్వయంగా ప్రోగ్రాం రాశారు. నన్ను కూడా ముట్టుకోనివ్వలేదు. యూనివర్సిటీ నియమావళి పక్కన పెట్టుకుని, అందులో క్లాజులు ఏ వరుసలో ఉన్నాయో అదే వరుసలో, ఒక్కటి వదలకుండా, ఒక్కటి కలపకుండా రాశారు. నియమాన్ని అంత భక్తిగా చదివిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

జాబితా అచ్చయింది. ఫోన్లు మొదలయ్యాయి. ఆయన అందరికీ ఒకటే జవాబు: "నేనేం చేసేది సార్, కంప్యూటర్ ఒప్పుకోలేదు." గయ్యాళి అత్తగారి గురించి చెప్పినట్టు చెప్పేవారు. కంప్యూటర్‌కు ఎవరితో చెప్పించాలో ఈ దేశంలో అప్పటికింకా ఎవరికీ తెలియదు.

విద్యానగర్ వైపు నాయకుడొకాయన ఉండేవాడు. అతని మేనల్లుడి పేరూ జాబితాలో ఉంది. ఫోన్లతో పని కాకపోయేసరికి పదిమందిని వేసుకుని తనే వచ్చాడు. చెప్పులతో లోపలికి రాబోతే ఓబులేసు గారు గుమ్మంలో నిలబడ్డారు.

"ఏం సారూ, ఒక్క పేరు తీయనీకి గింత నకరాలా?" అన్నాడు నాయకుడు.

"ఒక్కటి తీస్తే తక్కినోళ్లందరికీ నేను యాడ మొగం చూపించేది?" అన్నారు ఈయన. "పొండి. కంప్యూటర్ ఒప్పుకోలేదు."

వాళ్లు కేకలేసి వెళ్లిపోయారు. ఆ మధ్యాహ్నానికి క్యాంపస్ అంతా ఓబులేసు గారి పేరే. స్టాఫ్ రూములో లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అలా కొట్టినవాళ్లలో ముందురోజు ఆయనకు ఫోన్ చేసినవాళ్లూ ఉన్నారు.

వరండాలో ఎస్తేరు

ఆ మర్నాడు క్లాసులో పిల్లల నోట్లో ఆ జాబితా తప్ప ఇంకోమాట లేదు. సరే, దాన్నే నడుపుదామన్నాను. సార్ ప్రోగ్రాం అచ్చు తెచ్చి, కండిషన్లు అదే వరుసలో పంచాను. శ్రీనివాస్ ముందు నిలబడ్డాడు. అతని ప్రశ్న: హాజరు డెబ్బై అయిదుకు తక్కువా? అవునంటే డిటెయిన్, కూర్చోబెట్టాలి. కాదంటే సాగనివ్వాలి. వరండాలో ఇంకాస్త దూరంలో లత. ఆమె ప్రశ్న: యూనివర్సిటీ తరఫున ఆటలకు వెళ్లావా? అవునంటే ఆ రోజులన్నీ హాజరులో కలపాలి. ఇది నియమావళిలో చాలా వెనక ఉన్న క్లాజు.

డేటాగా నడుస్తానని ఎస్తేరు లేచింది. ఎస్తేరు మెదక్ వైపు పల్లె నుంచి వచ్చిన అమ్మాయి. తండ్రి లేడు. అన్న మాణికేశ్వర్ నగర్‌లో ఉండి తాపీపని చేస్తాడు. ఒక్క గది ఇల్లు, అందులో వదినె, పిల్లలు. అందుకని ఈమె హాస్టల్లో ఉండేది. యూనివర్సిటీ కబడ్డీ జట్టులో ఆడేది. మోకాలికి ఎప్పుడూ ఏదో ఒక కట్టు ఉండేది.

ఎస్తేరు శ్రీనివాస్ ఎదుటికి వెళ్లి, హాజరు తక్కువే ఉందని చెప్పింది.

"డిటెయిన్. కూసో" అన్నాడు వాడు దర్జాగా.

ఎస్తేరు మెట్ల మీద కూర్చుంది. తర్వాత ఇంకొందరు నడిచారు. కాసేపటికి లత నన్ను పిలిచింది.

"మేడం, నా దగ్గరికి తక్కువున్నోళ్లు ఒక్కలు గూడ వస్తలేరు. అందరు డెబ్బై అయిదు దాటినోళ్లే వస్తున్నరు. వాళ్లకు నేను రోజులు కలిపి ఏం ఫాయిదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఆటల రాయితీ అవసరమున్నవాళ్లు దాని దాకా చేరరు. చేరినవాళ్లకు దాంతో అవసరం లేదు. మన దేశంలో ఇలాంటి పథకాలు ఇంకా చాలా ఉన్నాయి గానీ, ఇది మా సెంటర్‌లో, మా సార్ చేతిరాత. గుమాస్తాలు చేసినప్పుడు ఏ క్లాజు ముందుంటేనేం, ఆటల కాగితం చూసి రోజులు కలిపి ఆ తర్వాతే లెక్క తీసేవాళ్లు. మిషన్‌కు ఆ మర్యాద ఎవరూ చెప్పలేదు.

మెట్ల మీద నుంచి ఎస్తేరు లేవలేదు. "మేడం, లిస్టుల నా పేరున్నది" అంది. "టోర్నమెంటుకు పోయొచ్చిన కాగితం ఆఫీసుల ఎప్పుడో ఇచ్చిన. మరి నా పేరు గూడ గిట్లనే పోయిందా?"

ఆమెకు ఆటగాళ్ల కోటాలో ఒక ఉద్యోగం సిద్ధంగా ఉంది. ఈ ఏడాది కంప్యూటర్ డిప్లొమా చేతికి వస్తేనే. వచ్చే ఏడాదికి ఆమె వయసు దాటిపోతుంది. క్లాసులో అందరికీ తెలిసిన సంగతే. డిటెయిన్ అయితే హాస్టలూ పోతుంది, ఆ ఒక్క గదిలోకి తిరిగి వెళ్లాలి. యూనివర్సిటీ కోసం ఆడినందుకు యూనివర్సిటీ ఇచ్చిన బహుమానం అది. నాకు ఒళ్లు మండిపోయింది.

డైరెక్టరు గారి గది

వరండా చివరనున్న ఆయన గది బయట ఎస్తేరును కూర్చోబెట్టి, లోపలికి వెళ్లి ఆమె సంగతి చెప్పాను. ఓబులేసు గారు అచ్చు కాగితం చూసి ముందు ఎగిరిపడ్డారు. "యాడుంది తప్పు? క్లాజు క్లాజు చూసి రాసినా కదమ్మా!"

"క్లాజులన్నీ ఉన్నాయి సార్. వరుస తిప్పాలి. ముందు ఆటల రోజులు కలపాలి, తర్వాత డెబ్బై అయిదు అడగాలి."

ఆయన మంచి ప్రోగ్రామర్. ఇంకో మాట చెప్పక్కర్లేకపోయింది. పెన్సిల్‌తో రెండు గీతలు గీసి, కళ్లజోడు బల్లమీద పెట్టారు. తర్వాత అడిగిన ప్రశ్న నేను ఊహించిందే.

"ఇది తిప్పితే ఈ పాప గాక ఇంకెవరు బయటపడతారు?"

నేను చూసే వచ్చాను. "ఇంకొందరు ఆటగాళ్లు సార్. వాళ్లలో ఆ నాయకుడి మేనల్లుడు కూడా ఉన్నాడు. వాలీబాల్ జట్టుతో వెళ్లాడు. బెంచీ మీదే కూర్చున్నాడట గానీ, వెళ్లిన మాట నిజం."

ఓబులేసు గారు నవ్వారు. అలాంటి నవ్వు మీకెప్పుడూ రాకూడదు. "నిన్ననే కదమ్మా నన్ను మెచ్చుకున్నారు," అన్నారు. "ఒక్క పొద్దు కూడా నిలవనీరా?" మళ్లీ పెన్సిల్ తీసి, "ఈ పాప పేరు ఒక్కటే చేత్తో కొట్టేస్తే? న్యాయమే కదా? ఎవురికీ తెలీదు," అన్నారు.

"న్యాయమే సార్. కానీ పేరు చూసి కొట్టేస్తే ఇఫ్‌లో పేరు రాసినట్టే కదా. మీరు ఇన్నాళ్లూ చెయ్యనన్నది అదే."

"వచ్చే ఏడాది సరిచేస్తాం పో."

"ఆ అమ్మాయికి వచ్చే ఏడాది లేదు సార్."

నేను అరిచాననుకుంటా. బయట కూర్చున్న ఎస్తేరు లేచి గుమ్మంలోకి వచ్చింది. ఆమెను చూసి ఆయన, "నీకెవరమ్మా చెప్పేవాళ్లు? ఎవరైనా ఉన్నారా?" అన్నారు. రోజూ సిఫారసులు వినీ వినీ అలవాటైన ప్రశ్న అలా నోట్లోంచి వచ్చేసింది.

"ఎవ్వలు లేరు సార్," అంది ఎస్తేరు. ఏడవలేదు. "హాస్టల్ల అందరు గదే అడుగుతున్నరు, ఎవలతోనన్న చెప్పించుకొమ్మని. నేను ఊకె తిరగలె సార్. ఆడిన. గెలిచి కప్పు తెచ్చి మీ యూనివర్సిటీకే ఇచ్చిన. గా ముచ్చట కంప్యూటర్ నన్ను అడగకముందే కూసొమ్మన్నది."

ఓబులేసు గారు లేచి, చెప్పులు విడిచి, మిషన్ గదిలోకి వెళ్లారు. ఆ వరుసలు తనే తిప్పారు. కొత్త జాబితా తనే అచ్చు తీశారు, తనే సంతకం పెట్టి తనే బోర్డుకు అంటించారు. పాతది చింపేటప్పుడు చుట్టూ జనం చేరారు.

శాలువా

ఇక చూడండి మజా. నాయకుడు మర్నాడు డప్పులతో వచ్చాడు. ఈసారి చెప్పులు తనే విడిచాడు. ఓబులేసు గారికి శాలువా కప్పి, నోట్లో మిఠాయి కుక్కి, "మన సారు బంగారం!" అని ఫోటో తీయించాడు. సారు ఏదో చెప్పబోయారు, నోటినిండా మిఠాయి ఉంది.

స్టాఫ్ రూములో ఈసారి చప్పట్లు లేవు. "ఎంతకు?" అని మాత్రం గుసగుసలాడుకున్నారు. ఆయన ఒక పెద్ద అధికారి దగ్గరికి వెళ్లి కండిషన్ల వరుస గురించి బోర్డు మీద గీసి మరీ వివరించారు. ఆ అధికారి ఓపిగ్గా విని, "అర్థమైంది లెండి, మనమూ పిల్లలు గలవాళ్లమే" అని భుజం తట్టారట. నేనూ కనబడ్డవాళ్లందరికీ చెప్పాను. అందరూ తలూపారు, కొందరు కన్నుకొట్టారు. రాయలసీమ మనిషి ఇట్లా లొంగుతాడనుకోలేదని ఒకాయన నాతోనే అన్నాడు. తెల్ల కాగితం మీద అచ్చయిన తప్పును ఈ జనం దేవుడి మాటలా నమ్మారు. దాన్ని సరిచేస్తే అమ్ముడుపోయాడన్నారు. ఆ మాట తల్చుకుంటే నాకు ఇవాళ్టికీ మండుతుంది.

మీరు కొత్తగా వస్తున్నారు కాబట్టి చెబుతున్నాను. ప్రోగ్రాంలో తప్పు దొరికితే దిద్దడం చిన్నపని. దిద్దితే ఎవరి ఎదట తలదించుకోవాల్సి వస్తుందో తెలిసీ దిద్దడమే ఉద్యోగం. దానికి జీతంలో వేరే పద్దు లేదు.

ఆ తర్వాత కొద్దికాలానికే ఓబులేసు గారు రిటైరయ్యారు. వీడ్కోలు సభలో అందరూ ఆయన క్రమశిక్షణ గురించి మాట్లాడారు, నిజాయితీ అనే మాటను మాత్రం జాగ్రత్తగా దాటేశారు. నాయకుడి మనిషి ఒకడు మైకు లాక్కుని, "మా పిల్లగానికి చేసిన సాయం మేం మర్చిపోం" అన్నాడు. జనం ఘొల్లున నవ్వారు. అప్పటికి ఉద్యోగంలో చేరిన ఎస్తేరు పర్మిషన్ పెట్టి వచ్చింది. చివరి వరుసలోంచి చర్రున లేచింది. "గది సాయం కాదు..." అని మొదలుపెట్టేలోపు వేదిక మీద నుంచి సారు చెయ్యి ఊపి కూర్చోమన్నారు.

బయటికి వచ్చాక ఆమె ఊరుకోలేదు. "ఎందుకు సార్ నన్ను మాట్లాడనియ్యలె? వాళ్లు మిమ్ముల నవ్వుతాంటే నా పానం పోయినట్టయింది."

"ఏం చెప్తావమ్మా?" అన్నారు ఓబులేసు గారు. "ఆ పొద్దు నీ పేరు ఒక్కటే దొంగగా కొట్టేసింటే ఈ పొద్దు నాకు మంచిపేరు ఉండేది. నువ్వూ పాసయ్యేదానివే. ఒకోసారి అదే మేలేమో అనిపిస్తాది."

ఎస్తేరు ఆయన ముఖంలోకి సూటిగా చూసింది.

"గట్ల చేస్తే నేను మీ దయతోని పాసైనట్టు అయితుండె సార్," అంది. "ఇప్పుడు నేను ఆడినందుకు పాసైన."

సారు మెడలో దండలు తీసి నా చేతికిచ్చారు. ఆయనను ఇంటికి తీసుకెళ్లడానికి యూనివర్సిటీ వాళ్లు కారు పెట్టారు. ఆయన అందులో ఎక్కకుండా ఎస్తేరు పక్కన నడుచుకుంటూ, ఆమె ఆడబోయే తర్వాతి మ్యాచ్ గురించి అడుగుతూ, బస్సెక్కించడానికి తార్నాక చౌరస్తా దాకా వెళ్లారు. కారు ఖాళీగా వాళ్ల వెనకే మెల్లగా వెళ్లింది.